జపాన్‌లో రేవోళ్ళ ఆడబిడ్డ

నాకు మొట్టమొదట రాయడం వచ్చిన మాట రేవు. అది మా ఇంటిపేరు.

మా నాయిన పుట్టి నడిపేవాడు. పుట్టి అంటే కృష్ణ మీద మనుషుల్ని దాటించే గుండ్రటి తెప్ప. వెదురుబద్దలతో పెద్ద గంపలాగ అల్లి, అడుగున తోలు బిగించి, నీళ్ళు ఊరకుండా తారు పూస్తారు. ఒకసారి అట్లా పూయగా మిగిలిన తారులో పుల్ల ముంచి, ఒడ్డు మీది బండ పైన రెండు అక్షరాలు గీసి, "దిద్దు బిడ్డా, ఇది మనం" అన్నాడు. వేలితో దిద్దాను. ఆ తారు గోటి సందుల్లోంచి చాలా రోజులు పోలేదు. అన్నం తింటుంటే కూడా వాసన వచ్చేది. మా అమ్మ కిరసనాయిలు పెట్టి రుద్దుతూ నాయినను తిట్టింది. ఆయన నవ్వుతూ కూర్చున్నాడు.

బడి మొహం నేను చూడలేదు. ప్రాజెక్టు నీళ్ళొస్తాయని ఊరు లేపినప్పుడు అన్నిటికంటే ముందు బడి లేచింది. పాన్‌గల్ దాటి కట్టుకున్న కొత్త ఊర్లో బడి పెట్టేసరికి నేను అమ్మ వెంట కూలికి పోయే ఈడుకొచ్చాను. మిగిలిన అక్షరాలన్నీ ఇంట్లోనే నేర్చుకున్నాను, భజన పుస్తకంలోంచి, నాయిన దగ్గర. దేవుడు నాకు బడి ఇవ్వలేదు గానీ చెప్పేవాణ్ణి ఇంట్లోనే ఇచ్చాడు. ఆ సంగతి తలుచుకోకుండా పొద్దున దీపం ముట్టించను.

మా వాళ్ళకు ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. రేవు కాడ ఉండేవాళ్ళు గనుక రేవోళ్ళు, అంతే. నదికి అవతలి గట్టున నిలబడ్డ మనిషి మొహం ఇవతలికి ఆనదు. గొంతు మాత్రం నీళ్ళ మీద జారుకుంటూ వస్తుంది. కేక వినబడగానే మా తాత రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి, "ఎవరింటోళ్ళూ?" అని అడిగేవాడు. వాళ్ళు ఇంటిపేరు చెప్పేవాళ్ళు. ఆ ఒక్క మాటతో ఆయనకు సంగతంతా తెలిసిపోయేది. ఏ ఊరోళ్ళు, ఎవరికి చుట్టాలు, గింజల మూటలతో వస్తున్నారా గొర్రెలతోనా, ఆ ఇంట్లో నెలలు నిండినామె ఉన్నదా. పెద్ద పుట్టి తీయాలో చిన్నది తీయాలో దాన్నిబట్టి చూసుకునేవాడు. చూసుకుని, "ఉండుండ్రీ, పుట్టి తెస్తున్న!" అని తిరిగి కేక వేసేవాడు. ఆ మాట అనకుండా తెడ్డు ముట్టేవాడు కాదు. అవతల నిలబడ్డోళ్ళకు ధైర్యం కావాలి గదా అనేవాడు.

ఒకసారి ఒక కొత్త కోడలు, అత్త కంటే ముందే నోరు తెరిచి, అలవాటు కొద్దీ తన పుట్టింటి పేరు కేకేసిందట. తాత ఇవతలి నుంచి, "ఆ పేరోళ్ళు ఈ గట్టునే ఉన్నరు గదనే, నువ్వెప్పుడు దాటినవ్?" అన్నాడట. పుట్టి ఎక్కి దిగిందాకా ఆ పిల్ల కొంగు మొహం మీంచి తీయలేదట. మా అమ్మ ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా అందరం పడీ పడీ నవ్వేవాళ్ళం. నా పెండ్లయి వనపర్తికి వచ్చినాక ఆ ముచ్చటకు నవ్వు రావడం తగ్గింది.

నా అత్తగారింట్లో నాకు ఏ లోటూ లేదు. ఆయన మంచివాడు. అత్తమ్మ బతికున్నన్ని రోజులూ నన్ను బిడ్డా అనే పిలిచింది. కాకపోతే రేవు అన్న మాటతో నన్ను ఎవరూ పిలవరు ఇప్పుడు. దవాఖానలో చీటీ రాసేటప్పుడు, బ్యాంకులో, గుడిలో అయ్యగారు గోత్రం అడిగేటప్పుడు నేను చెప్పేది ఈ ఇంటి పేరే. అది న్యాయమే. కానీ ఒక్కోసారి, అంట్లు తోముకుంటూ ఉన్నప్పుడు, బూడిద తడిలో వేలితో ఆ రెండక్షరాలు గీసి నీళ్ళు పోసేస్తాను.

నీళ్ళొచ్చినాక రేవు లేదు, పుట్టి లేదు. మా వాళ్ళు మట్టి పనులకు, కాలువ పనులకు దేశాల మీద పోయారు. కొందరు తిరిగి రాలేదు. నాయినకు మేమిద్దరం ఆడపిల్లలమే, నేనూ మా చెల్లే. చిన్నాయనకు పిల్లలు కాలేదు. నాయిన పోయినాక ఆ పేరుతో మిగిలిన ఇల్లు ఒక్కటే, చిన్నాయనా చిన్నమ్మా ఉండే ఇల్లు.

అయినా ఒక పని మాత్రం ఆగలేదు. ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోతే పాత రేవు బండ బయటపడుతుంది. ఆ రోజు పాత ఊరోళ్ళందరూ అక్కడికి పోయి గంగమ్మకు దీపాలు పెడతారు. మొదటి దీపం రేవోళ్ళ చేతి మీదే వెలగాలి. ఎందుకంటే పుట్టి నడిచిన రోజుల్లో పొద్దున్నే గంగమ్మకు దీపం పెట్టి గానీ రేవోళ్ళు తెడ్డు పట్టేవాళ్ళు కాదు, ఆ దీపం వెలిగితేనే జనం పుట్టి ఎక్కేవాళ్ళు. ఇన్నేండ్లూ చిన్నాయనే పెట్టాడు. ఈ ఏడు ఆయన మోకాళ్ళు ఆగిపోయాయి. కండ్లలో పొర కూడా వచ్చింది. బండ దాకా బురదే, పట్టుకుని నడిపించినా దిగలేడు. ఊరి పెద్దాయన ఇంటికొచ్చి చెప్పిపోయాడు: "ఇంకెవరున్నరు మీ పేరోళ్ళు? ఆడబిడ్డలు ఇంటిపేర్లు మారినోళ్ళాయె. దీపం బందు పెడదం. గంగమ్మ ఏమనుకోదు."

గంగమ్మ ఏమనుకుంటుందో నాకు తెలియదు. చిన్నాయన మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు. నేను ఆయన ముందు కూర్చున్నాను. నేను పెడతానని అనాలని ఉంది. కానీ నేను ఆ పేరుదాన్ని కాదు కదా.

ఇదంతా ఇట్లా ఉండగా జపాన్ సంగతి చెప్పాలి. ఇది దానికి కొన్ని నెలల ముందు మొదలైంది.

మా చెల్లెను ఉప్పునుంతల దిక్కు ఇచ్చారు. దాని బిడ్డ నర్సు చదువు చదివి, ఆ దేశం మాట నేర్చుకుని, అక్కడ వృద్ధుల ఆశ్రమంలో పనికి కుదిరింది. సెలవు రోజున ఫోన్‌లో మొహం చూపిస్తుంది. ఒక రోజు నేను చిన్నాయన ఇంట్లో ఉన్నప్పుడు ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఈడ గూడ రేవోళ్ళున్నరే!" అన్నది.

"ఏందే, మనోళ్ళు అంత దూరం మట్టి పనికి పోయిండ్రా?" అన్నది చిన్నమ్మ పక్కనుంచి.

"గది గాదు అమ్మమ్మా, జర ఇను."

వాళ్ళ ఆశ్రమంలో ఒక పెద్ద వయసామె ఉన్నది. మతి నిలవదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. ఆమెకు చెవుడని కొత్తవాళ్ళు అనుకునేవాళ్ళట. చలికాలం చివర్లో వాళ్ళకు ఒక పండుగ. వేయించిన సోయా గింజలు విసిరి, దయ్యాలు బయటికి, మంచి లోపలికి అని అరుస్తారు. ఆశ్రమంలో అందరి చేతుల్లో గింజలు పెట్టారు. ఈమె మాత్రం గుప్పిట తెరిచి గింజలు బల్ల మీద పోసేసి, "మా ఇంట్లో విసరం. మా పేరు వింటేనే దయ్యాలు రావు" అన్నదట. అక్కడి పెద్ద నర్సు నవ్వి, ఈమె పుట్టింటి పేరు వతనాబే అయి ఉంటుంది అన్నదట. ఆ ఇంటి మూలపురుషుల్లో ఒకడు దయ్యం చేయి నరికాడని కథ. అప్పటినుంచి ఆ పేరోళ్ళు గింజలు విసరనక్కరలేదట.

"అప్పుడు నేను పక్కకు పోయి, వతనాబే గారూ అని పిల్చిన పెద్దమ్మా. తిరిగి చూసింది! ఏంది, అన్నది. గిన్ని రోజులు మేమంత అత్తగారింటి పేరుతోని పిలుస్తున్నం. ఆమెకు ఆ పేరే తెల్వదు ఇప్పుడు."

ఫోన్ చిన్నాయన చేతికిచ్చి కొంగుతో కండ్లు తుడుచుకున్నాను.

వతనాబే అంటే అర్థం ఏమిటని ఈ పిల్ల ఆ పెద్ద నర్సునే అడిగిందట. దాటడం అనే మాట ఒకటి, పక్కన అనే మాట ఒకటి కలిస్తే ఆ పేరు. దాటే జాగ పక్కనున్నోళ్ళు. చానా కాలం కింద ఇప్పటి ఒసాకా అనే పట్నం దగ్గర, నది సముద్రంలో కలిసేచోట, ఆ పేరుతో ఒక రేవు ఉండేదట. ఆ రేవు కాడ కాపురమున్న ఒక యోధుల ఇల్లు రేవు పేరునే ఇంటిపేరు చేసుకుంది. నీళ్ళ మీద తిరిగేవాళ్ళు కాబట్టి దేశమంతా చెదిరారు. తర్వాత, మామూలు జనం కూడా ఇంటిపేరు పెట్టుకోవాలని సర్కారు చెప్పినప్పుడు, పక్కనున్న పొలాన్నో వాగునో చూసి పెట్టుకున్నోళ్ళు ఉన్నారు, అప్పటికే ఊర్లో ఉన్న పేరు తీసుకున్నోళ్ళూ ఉన్నారు. ఇప్పుడు ఆ దేశంలో అందరికంటే ఎక్కువగా వినబడే నాలుగైదు పేర్లలో అదొకటి. బస్సు నడిపేవాడు వతనాబే, పంటి డాక్టరు వతనాబే, కూరగాయల దుకాణం బోర్డు మీద వతనాబే. రాసేటప్పుడు తలా ఒక తీరుగా రాస్తారట. ఆఫీసుల్లో, మీరు ఏ వతనాబే అని అడిగి రాసుకుంటారట.

"మరి ఆ రేవు ఉన్నదా?" అన్నాడు చిన్నాయన.

"లేదు తాతా. దాని మీద పట్నం లేచింది."

చిన్నాయన ఫోన్‌ను కండ్ల దగ్గరికి తెచ్చుకుని చూశాడు. కండ్లలో పొర ఉంది కాబట్టి ఆయనకు కనిపించింది వెలుతురు మాత్రమే అయి ఉంటుంది. "మన దాని మీద నీళ్ళొచ్చినయి, వాళ్ళ దాని మీద పట్నమొచ్చింది. అయినా వాళ్ళు గంతమంది అయిండ్రు," అన్నాడు.

చిన్నమ్మ ఆలోచన వేరు. "ఊరంత ఒక్కటే ఇంటిపేరాయె. మరి పెండ్లిండ్లెట్ల చేసుకుంటరే? అందరు అన్నదమ్ముల వరస గాదా?"

"చేసుకుంటరు అమ్మమ్మా. వతనాబే పిల్ల వతనాబే పిల్లగాణ్ణి చేసుకున్నా ఏమనరు."

"శివశివా!" అన్నది చిన్నమ్మ, చెంపలు వేసుకుని.

మా దగ్గర ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెండ్లే. పరిచయం లేకున్నా, ఊరు తెలియకున్నా అంతే. చిన్నాయన ఆ లెక్కన ఆలోచిస్తున్నాడని మాకు అప్పుడు తట్టలేదు. ఆయన ఫోన్‌ను నోటికి దగ్గర పెట్టుకుని, అవతలి గట్టుకు చెప్పినట్టు గట్టిగా అన్నాడు: "అయితే బిడ్డా, ఆమె నాకు అక్క అయితది. ఈడ నీ తమ్ముడున్నడని జర ఆమెకు చెప్పు."

"నీ మోకాలు నువ్వు మడుచుకోలేవు, నీకు జపాన్ల చుట్టరికం గావాల్నా!" అన్నది చిన్నమ్మ.

ఆ రోజు నుంచి ఆమె మా ఇంట్లో జపాన్ అక్క అయింది. పిల్ల ఫోన్ చేసినప్పుడల్లా చిన్నాయన మొదట అడిగేది ఆమె గురించే. అన్నం తిన్నదా, నిద్ర పోయిందా, ఇయ్యాల ఏమన్న మాట్లాడిందా. ఒకనాడు ఉన్నట్టుండి, "అక్కకు ఒడిబియ్యం ఎవరు పోస్తరు?" అన్నాడు.

ఒడిబియ్యం అంటే తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. పెండ్లయి పోయిన ఆడబిడ్డను పుట్టింటోళ్ళు పిలుచుకుని, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఆమె ఒడిలో పోస్తారు. నువ్వు ఎక్కడున్నా ఈ ఇంటి గింజ నీకు ఉందని చెప్పడం అది. నాయిన ఉన్నప్పుడు నాయిన పోయించాడు, తర్వాత చిన్నాయన ఏనాడూ తప్పలేదు. ఆ బియ్యం వండుకుని తిన్న రోజు ఇల్లంతా అదో తీరు వాసన. నాకు ప్రసాదం కంటే తక్కువ కాదు అది.

"వాళ్ళకు గట్లాంటివి ఉండవు," అన్నాను.

"వాళ్ళకు లేకుంటే మనకున్నది గద. రేవోళ్ళ ఆడబిడ్డ ఆమె."

చిన్నమ్మ చెరుగుతున్న చాట కింద పెట్టింది. "ఆమె పెనిమిటి పోయిండని చెప్పింది గద పిల్ల. ముత్తైదువకే పోస్తరు ఒడిబియ్యం. నీకు తెల్వదా?"

చిన్నాయన మెల్లగా అన్నాడు: "ఆయన పోయిండని ఆమెకు తెల్వదంట. రోజూ సాయంత్రం తలుపు దిక్కు చూస్తదంట, వస్తడని. ఆమె మతిల ఆయన ఉన్నడు. ఇంక ముత్తైదువ గాకేంది?"

చిన్నమ్మ లేచి లోపలికి పోయి పసుపు డబ్బా తెచ్చింది.

ఇక్కడి బియ్యం అక్కడికి పోలేదు. పిల్ల అక్కడి బియ్యానికి అక్కడి దుకాణంలో దొరికిన పసుపు కలిపింది. ఆశ్రమం పెద్దలను అడిగి ఒప్పించుకుని, తన చున్నీ ఆమె ఒడిలో పరిచింది. ఇక్కడ చిన్నమ్మ తన ఇంటి గడప మీద కూర్చుని, ఫోన్ ముందు దోసిలితో బియ్యం ఎత్తి చాటలో పోస్తుంటే, అక్కడ పిల్ల ఆమె ఒడిలో పోసింది. ఆమె చాలా చిన్న మనిషి, విచ్చిన పత్తికాయలాంటి తెల్లటి తల. బియ్యంలో వేళ్ళు పెట్టి కలియబెట్టింది. నవ్వింది. తర్వాత పిల్లతో గట్టిగా ఏదో అన్నది.

"ఏమంటున్నదే అక్క?" చిన్నాయనకు ఆత్రం.

"ఇయ్యి కడగలేదు అంటున్నది తాతా. పసుపు నీళ్ళు పోయేదాక కడగాలె అంట!"

చిన్నాయన అంత నవ్వడం నాయిన పోయినాక నేను చూడలేదు. దేవుడా, ఈ రోజు చూపించినందుకు నీకు దండం అనుకున్నాను.

ఆ నవ్వు అయినాక కొన్ని వారాలకే ఎండలు ముదిరాయి, బండ బయటపడింది, పెద్దాయన వచ్చి దీపం బందు పెడదామని చెప్పిపోయాడు. చిన్నాయన అన్నం ముట్టని పూట అదే. రెండో రోజు పెద్దాయనను తిరిగి పిలిపించాడు. నేను, మా ఆయనా కూడా అక్కడే ఉన్నాం.

"దీపం నా బిడ్డ పెడ్తది," అన్నాడు చిన్నాయన, నన్ను చూపించి.

"ఆమె వనపర్తోళ్ళ కోడలు గద."

"నేను ఏటేటా ఆమె ఒడిల బియ్యం పోస్తున్న. ఎవరని పోస్తున్న? ఇంటి బిడ్డ గాకుంటే ఆ బియ్యమంత ఉత్తగ పోసిన్నా? చెప్పు."

పెద్దాయన మా ఆయన దిక్కు చూశాడు. అభ్యంతరం ఉంటే ఆయన దగ్గరి నుంచే రావాలి మరి. మా ఆయన మాటలు తక్కువ మనిషి. "నాకేంది? దీపం పెడితే మంచిదే గద. నూనె నేను తెస్త," అన్నాడు. పెద్దాయన తువ్వాల దులుపుకుని, "మీ ఇష్టం, గంగమ్మ ఇష్టం," అని లేచాడు. ఒప్పుకున్నాడా లేదా నాకు ఇప్పటికీ తెలియదు. అడ్డం మాత్రం రాలేదు.

పొద్దున్నే పోయాం. గట్టు మీద చిన్నాయనకు కుర్చీ వేసి, నెత్తి మీద తడి తువ్వాల కప్పింది చిన్నమ్మ. నీళ్ళు ఎక్కడో దూరాన మెరుస్తున్నాయి. మధ్యలో నెర్రెలు విచ్చిన ఒండ్రు, దాని తర్వాత మెత్తటి బురద, దాని నడుమ మా బండ. మా ఆయన, "చెప్పులు ఈడనే ఇడువు, ఇరుక్కుంటయి," అన్నాడు. ఇడిచి దిగాను. పిక్కల దాకా దిగబడుతూ, ప్రమిదను కొంగు చాటున పెట్టుకుని నడిచాను.

బండ మీద నేను దిద్దిన అక్షరాల కోసం వెతికాను. ఏమీ లేవు. ఎండిన నాచు, నత్త గుల్లలు. ఇన్నేండ్లు నీళ్ళ కింద ఉన్నాక తారు ఉంటుందా? ఉండదని తెలుసు. అయినా చేత్తో నాచు గీకి చూశాను. తర్వాత ప్రమిద పెట్టి, గాలికి మూడు అగ్గిపుల్లలు ఆరిపోతే నాలుగోదానితో వెలిగించాను. గంగమ్మకు దండం పెట్టుకున్నాను. ఏమీ అడగలేదు. నాయినను, తాతను, ఎవరింటోళ్ళో చెప్పి నది దాటిన అందరినీ ఒకసారి తలుచుకున్నాను. జపాన్ అక్కను కూడా.

అప్పుడు గట్టు మీంచి కేక వినబడింది. అంత దూరం నుంచి ఆయనకు నేను కనబడను. బురదలో ఒక మసక ఆకారం, అంతే అయి ఉంటుంది. మరి ఆయన నన్ను ఆట పట్టించాడో, ఎండకు మతి పాత రోజులకు జారిందో, చిన్నమ్మ కూడా చెప్పలేకపోయింది. చేతులు రెండూ నోటి చుట్టూ పెట్టుకుని, మా తాత గొంతుతో,

"ఎవరింటోళ్ళూ?" అని అరిచాడు.

నా నోట్లో ఒక పేరు తయారుగా ఉంది. దవాఖానలో, బ్యాంకులో, గుడిలో చెప్పీ చెప్పీ అరిగిన పేరు. నాకు అన్నం పెట్టిన పేరు, నేను ఎన్నడూ చిన్నచూపు చూడని పేరు. గట్టు మీద మా ఆయన నిలబడి ఉన్నాడు. ఆయన చేయి ఎత్తి, చెప్పు అన్నట్టు ఊపాడు.

"రేవోళ్ళం!" అన్నాను. ఆ గాలికి అది గట్టు దాకా పోలేదు. మళ్ళీ, ఊపిరంతా పెట్టి, "రేవోళ్ళం చిన్నాయనా!"

నీళ్ళు లేని ఆ నది మీదుగా ఆయన జవాబు జారుకుంటూ వచ్చింది.

"ఉండుండ్రీ, పుట్టి తెస్తున్న!"